పెరటి దున్నుడుయంత్రము: ఆపుట నేర్చిన పిమ్మటనే నడుపుట



కడచిన మాసమున ఈ పుటలయందు ఆకుకూరల మడులఁ గూర్చి ముచ్చటించితిమి. అది చదివి యొక సోదరి, మడులు త్రవ్వుటకు కూలివారు దొరకకున్నారనియు, తమ యింటివారు పెట్రోలుతో నడచు చిన్న టిల్లరును కొని తెచ్చిరనియు, దాని మ్రోఁత విన్నంతనే తమకు గుండె దడదడలాడుచున్నదనియు వ్రాసి, దాని సంరక్షణ మెట్లని యడిగిరి. ఆ దడ మంచిదేయని ముందుగా మనవి చేయుచున్నాము. దానిని జాగరూకతగా మార్చుకొను విధము నేఁడు చెప్పుదుము.

ఈ యంత్రములు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగకు కత్తులు ముందుభాగముననే యుండి, అవియే యంత్రమును లాగికొనిపోవును. రెండవ తెగకు ఇంజను ముందును, దానిక్రింద చక్రములును, చక్రములకు వెనుక రేకుమూఁతక్రింద కత్తుల యిరుసును ఉండును. నేఁడు మేము చెప్పునది యీ రెండవ తెగనుగూర్చియే. చక్రములకును ఇంజనుబలము అందును గావున గట్టినేలను సయితము దున్నును. నడుపువారికి శ్రమ తక్కువ. కాని కత్తులు మన పాదములకు దాపుననే తిరుగుచుండునని మఱువరాదు.

తిరుగు కత్తులతో నేలను గుల్లచేయు పద్ధతికి నూఱేండ్లు దాటినవి. 1912లో ఆస్ట్రేలియాదేశమున ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను యువకుఁడు తన తండ్రి పొలమున ఆవిరియంత్రపు బలముతో దీనిని పరీక్షించెను. మొదట మన్ను ప్రక్కలకు చిమ్మిపోవుచుండెను. పిదప కత్తులను కొడవలివలెఁ గాక మూలమట్టముగా వంచి బిగింపఁగా ఆ దోషము తీఱెను. 1920లో అతఁడు తన యంత్రమునకు పేటెంటు పొందెను. నేఁడు మన పెరళ్లలో తిరుగు యంత్రములు పెక్కింటి కత్తులు ఇట్లు వంగినవియే.

ఇఁక మా యింట జరిగిన సంగతి. గత కార్తికమున చిలగడదుంపలు త్రవ్వి తీసిన మడిని మరల దున్నింపఁదలఁచితిమి. కత్తులు నిలిచి నిలిచి తిరుగుచుండెను. మా మఱఁది పరిశీలించి, బెల్టు వదులైనదని గ్రహించి, క్లచ్చికిఁ గట్టిన యినుపతీఁగను మర త్రిప్పి బిగించెను. యంత్రము చక్కఁగా దున్నసాగెను, అందఱము సంతసించితిమి. కొంతసేపటికి మిగిలియున్న దుంపతీఁగలు కత్తులకుఁ జుట్టుకొనెను. అతఁడు క్లచ్చిని వదలెను. కత్తులు నిలిచెను, ఇంజను మాత్రము మ్రోగుచునే యుండెను.

"ముందు ఇంజను ఆపు నాయనా" అని మా అత్తగారు అరుగుమీఁదనుండి కేక వేసిరి.

"కత్తులు ఆగాయి గదమ్మా! మళ్లీ తాడు లాగడం ఎందుకు?" అని, భుజముమీఁది తువాలు చేతిలోఁ బట్టుకొని, దానితో తీఁగను ఒడిసి లాగెను. తీఁగ తెగినంతనే కత్తులు గిఱ్ఱునఁ దిరిగెను. తువాలు ఱెప్పపాటులో ఇరుసునకుఁ జుట్టుకొనిపోయెను. అది చేతికి ముడివేసికొనలేదు గావున జాఱిపోయినది. ముడివేసికొన్నచో ఏమగునో వ్రాయుటకు మాకుఁ జేయి రాదు. మా అత్తగారు ఆ పూఁట అన్నము ముట్టలేదు.

ఇందలి కారణమును తెలిసికొనవలయును. క్లచ్చిని పట్టినప్పుడు బెల్టు బిగిసి, కప్పీవంటి చక్రమును త్రిప్పును. వదలినప్పుడు బెల్టు వదులై జాఱును, కత్తులు నిలుచును. తీఁగను అతిగా బిగించినయెడల, క్లచ్చిని వదలినను బెల్టు కొంత పట్టియే యుండును. ఆనాఁడు కత్తులను నిలిపినది క్లచ్చి గాదు, చుట్టుకొన్న దుంపతీఁగ! అది తెగఁగానే కత్తులకు విడుదల కలిగెను. దున్నుటకుఁ దగినంత బిగువు, ఆగుటకుఁ దగినంత వదులు, ఈ రెండును కలసియున్నప్పుడే బెల్టు సరిగా నున్నదని యెఱుఁగవలయును. పద్మవ్యూహము చొచ్చుట నేర్చి వెడలుట నేర్వని అభిమన్యుని కథ మనకుఁ దెలియనిది కాదు. యంత్రమును బయలుదేఱఁదీయుట మాత్రమే నేర్చినవాఁడును అట్టివాఁడే.

కావున మొదటి నియమము. కత్తులచెంతకుఁ జేయి చాఁచుటకు ముందు క్లచ్చిని వదలి, ఇంజనును ఆపి, సమస్తమును నిశ్చలమగువఱకు వేచి, స్పార్కుప్లగ్గు తలపై టోపీవలె నుండు తీఁగను ఊడఁదీసి ప్లగ్గునకుఁ దగులకుండ దూరముగా నుంచవలయును. ఇంజను ఆఁగినపిమ్మట ఇదియేల యందురేమో. కత్తులను చేతితోఁ ద్రిప్పునపుడు ఒక్కొక్కతఱి ఇంజనుకూడఁ దిరిగి, రవ్వ పుట్టి, అంటుకొనవచ్చును. ఈ తీఁగను తీయుటకు ఒక నిమిషమైనఁ బట్టదు. సైలెన్సరు చల్లారువఱకు దానిదరికిఁ బోరాదు. చేతులకు దళసరి తొడుగులుండవలయును.

రెండవ నియమము. బెల్టునుగాని క్లచ్చితీఁగనుగాని సవరించినప్పుడెల్ల పరీక్ష చేయవలయును. సమతలమున యంత్రమును నిలిపి, లోఁతు సవరించు కడ్డీతో కత్తులను నేలకుఁ దగులకుండ నెత్తి, ముందు వెనుకల నెవ్వరును లేకుండఁ జూచి, క్లచ్చిని పట్టకయే ఇంజనును నడిపింపుఁడు. పిడిదగ్గఱనుండియే చూడుఁడు, వంగి చూడరాదు. కత్తులు కొంచెమైనఁ గదలినచో ఇంజనును ఆపి, తీఁగను వదులుచేసి, మరలఁ జూడవలయును. అప్పటికిని నిలువకున్న మెకానిక్కునకుఁ జూపవలయునేగాని దున్నింపరాదు. బెల్టు అంచులు చీలి, లోపలివైపు నున్నగా మెఱయుచున్నచో బిగించినందువలన లాభములేదు, క్రొత్తది వేయవలయును.

లోఁతు విషయమున మనవారు తొందరపడుదురు. ఒక్కచాలులోనే జానెడు లోఁతు కావలెనందురు. గట్టినేలలో అట్లు దింపినయెడల, చక్రములవలెనే ముందుకుఁ దిరుగు కత్తులు నేలను పట్టుకొని యంత్రమును గంతువేయించును; ఎదురుగాఁ దిరుగు కత్తులుగల యంత్రము ఎగిరెగిరి పడును. కావున మొదటిచాలు రెండంగుళములకు మించనీయక, మరల మరల దున్నుచు క్రమముగా లోఁతు పెంచవలయును. కడ్డీని మార్చునపుడెల్ల ఇంజను ఆఁగియుండవలయును. యంత్రము ఉఱికినచో దానిని బలిమినిఁ బట్టి లాగరాదు. క్లచ్చిని వదలిపెట్టుటయే తగిన పని. వెనుకకు నడిపించునపుడు మన వీఁపువెనుక గోడగాని చెట్టుగాని లేకుండఁ జూచుకొనవలయును. గోడకును పిడికిని నడుమఁ జిక్కినవారికి తప్పించుకొను దారి యుండదు.

నేల పదునుకూడఁ జూడవలయును. గుప్పెడు మట్టిని పిడికిటఁ బిసికి వ్రేలితో నొక్కినచో పొడిపొడిగా విడిపోయినయెడల దున్నవచ్చును. ముద్దగా నిలిచినచో రెండుమూఁడు దినములు ఆఁగుట మేలు. తడి రేగడిని దున్నినచో మట్టి కత్తులను గప్పివేయును. ఆఱినపిదప గడ్డలు రాళ్లవలె నగును. దున్నుటకు ముందు ఱాళ్లు, తీఁగలు, ప్లాస్టికు త్రాళ్లు ఏఱివేయవలయును. ప్లాస్టికు త్రాడు ఇరుసునకుఁ జుట్టుకొని గేరుపెట్టెవఱకుఁ బోయి, నూనె కాఱకుండఁ జేయు రబ్బరుసీలును కోయును. పిమ్మట నూనె కాఱి, పండ్లు అఱిగి, పెద్ద ఖర్చునకుఁ గారణమగును. అందుచేతఁ బని ముగిసిన ప్రతిదినమును, ముందు చెప్పిన నియమము ననుసరించి, ఇరుసును శుభ్రపఱుపవలయును.

కత్తులు అఱిగి సన్నగిల్లినచో మార్పవలయును. కుడివైపువి, ఎడమవైపువి వేఱు. తాఱుమాఱు చేసినచో దున్నవు, ఊరక నేలను కొట్టును. పదునైన యంచు ముందుగా నేలను తాఁకునట్లు బిగింపవలయును. ఒక్కొక్క కత్తిని ఊడఁదీసి, దానిస్థానమున క్రొత్తదానిని బిగించి, ఆ తరువాతనే మఱియొకదానిని తీసినచో పొరపాటు రాదు. కొన్ని యంత్రములకు కత్తుల యిరుసున మెత్తని యినుముతోఁ జేసిన చిన్నమేకు ఉండును. కత్తికి ఱాయి తగిలినపుడు అది తెగిపోయి గేరుపెట్టెను కాపాడును. తెగినదిగదాయని దానికి బదులు గట్టిమేకును దిగఁగొట్టినయెడల, మేకు నిలుచును, గేర్లు విఱుగును. ఆ మేకులు నాలుగు కొని డబ్బాలో నుంచుకొనుఁడు.

ఇంజనునూనెను ప్రతిసారియు, సమతలమున నిలిపి, బయలుదేఱుటకు ముందే చూడవలయును. ఇట్టి చిన్న పెట్రోలు ఇంజనులు పెక్కింటికి మొదటి 20 గంటల పనియైన పిమ్మటను, తరువాత 100 గంటలకొకసారియు నూనె మార్పుమని చెప్పుదురు. మీ యంత్రముతో వచ్చిన పుస్తకమున వేఱుగా నున్నచో అదియే ప్రమాణము. పని చేసిన గంటలను గోడకు వ్రేలాడు క్యాలెండరుమీఁద వ్రాసికొనుఁడు; పాలలెక్క వ్రాయు మనకు ఇది భారము కాదు. గాలివడపోఁత దుమ్ముతో నిండినచో ఇంజను ఉక్కిరిబిక్కిరి యగును గావున తఱచుగాఁ జూడవలయును. రెండుచక్రముల గాలియు సమానముగా లేకున్న యంత్రము ఒకప్రక్కకు ఈడ్చును.

పెట్రోలును ఇంటిలోపలఁగాని, పొయ్యి, దీపము, పొగచుట్టల చెంతఁగాని పోయరాదు. ఇంజను చల్లారిన పిమ్మట ఆరుబయటఁ బోయవలయును. కొట్టములో తలుపులు మూసి ఇంజనును నడిపించుట ప్రాణాంతకము. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగును వాసనయు లేవు. నేఁటి పెట్రోలులో కలుపు ఇథనాలు తేమను పీల్చును. కావున నెలకుమించి పని లేనప్పుడు టాంకిని, కార్బురేటరును ఖాళీచేసి యుంచుట మంచిది.

తుదకు మన కట్టుబొట్టుల మాట. చీరకొంగు, జాఱు కుచ్చెళ్లు, వ్రేలాడు జడ, భుజముమీఁది తువాలు కత్తులకు ఆహ్వానపత్రికలవంటివి. నడుపఁదలఁచిన సోదరి జడను ముడిచి, ఒంటికి బిగువైన ఉడుపులు ధరించి, గాజులు తీసి, కాళ్లకు మూసియుండు బూట్లు తొడుగవలయును. పిల్లలను ఇంటిలోనుంచి గడియ వేయుట పెద్దలలో నొకరి పనిగా ముందే నిర్ణయించుకొనవలయును. వారు "చూచి వత్తుము" అని పరుగెత్తి వచ్చునది యంత్రము తిరుగునప్పుడే కదా!

చీలికలైన ఆ తువాలును మా మఱఁది పాఱవేయలేదు. యంత్రమునుంచు కొట్టములో మేకునకుఁ దగిలించెను. ఇప్పుడతఁడు కత్తులదగ్గఱ వంగుటకు ముందు ప్లగ్గుతీఁగను ఊడఁదీసి, అత్తగారివైపు చూచి, "తీసేశానమ్మా!" అని చెప్పును. వారు "సరే నాయనా" యని తల యూఁచిన తరువాతనే చేయి పెట్టును. మన యిండ్లలో యంత్రమును ఎవరు నడిపినను, ఈ మాట యడుగుట మన వంతు. సిగ్గుపడక, విసుగునకు వెఱవక, ప్రతిసారియు నడుగుఁడు.

వచ్చు మాసమున, ఇట్లు గుల్లచేసిన మడికి వేయఁదగిన యెరువులఁ గూర్చి చెప్పుకొందము.