వాయిదాల్లో వచ్చే డబ్బు, పన్ను లెక్క

2024 మార్చి నెలాఖరు నుంచి మన సంఘాల్లో పదవీ విరమణ కృతజ్ఞత కూటములు ఎక్కువయ్యాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 61కి పెంచడంతో మూడేళ్లు ఆగినవన్నీ అప్పటినుంచి వరుస కట్టాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మిషన్ బోర్డింగుల్లో చదివి ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం సంపాదించుకున్నవారు వీరిలో ఎంతోమంది. శాలువాలు కప్పాం, ప్రార్థన చేశాం. కానీ గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ బిల్లులు నెలల తరబడి కదలక చాలామంది హైకోర్టు గడప తొక్కారు.

ఆలస్యంగా వచ్చిన డబ్బు వెంట పన్ను చిక్కు కూడా వస్తుంది. దాన్ని అడిగేవారు తక్కువ.

ముందుగా ఒక భయం తీరాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి విరమణప్పుడు వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు, జీపీఎఫ్ మీద ఆదాయపు పన్ను లేదు. ఎన్ని విడతల్లో వచ్చినా లేదు. మిషన్ ఆసుపత్రుల్లో, ప్రైవేటు బడుల్లో చేసినవారికి మాత్రం గ్రాట్యుటీకి 20 లక్షలు, సెలవుల నగదుకు 25 లక్షలు గరిష్ఠ పరిమితి. (కమ్యుటేషన్ అంటే రేపటి పెన్షన్‌లో కొంత ముందే తీసుకోవడం. దాన్ని లాభమనుకుని దశమభాగం లెక్క కట్టే సంఘ పెద్దలు కాస్త ఆగితే మంచిది.)

పన్ను పడేది బకాయిల మీద. 2021 పీఆర్‌సీలో 12 నెలల బకాయిని విరమణ రోజున ఇస్తామన్నారు. అది జీతమే. పెన్షనర్లకు కరువు భృతి బకాయిలు వాయిదాల్లో వస్తున్నాయి. 2022 జులై నుంచి రావలసిన భృతి బకాయిని 2025 జనవరి నుంచి 17 వాయిదాల్లో ఇవ్వాలని ఉత్తర్వు. ఆ లెక్కన మూడు వాయిదాలు 2024-25లో, పన్నెండు 2025-26లో, రెండు 2026-27లో పడతాయి. 2023 జనవరి నుంచి రావలసిన మరో భృతికి 28 వాయిదాలు. అవి 2027 దాకా సాగుతాయి. ఒక్క మనిషికి రెండు బకాయిలు, నాలుగు ఆర్థిక సంవత్సరాలు! ట్రెజరీ ఏ ఏడు చెల్లిస్తే ఆ ఏటి ఆదాయంలో కలిపి చూపుతుంది. డబ్బు మాత్రం పాత సంవత్సరాలది.

దీనికి చట్టంలో సెక్షన్ 89 ఉపశమనం ఉంది. బకాయి కలిపితే ఈ ఏడు పెరిగే పన్నును, అదే డబ్బు అసలు సంవత్సరాల్లో వచ్చి ఉంటే పెరిగేదానితో పోల్చి, తేడాను తగ్గిస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో అంకెలు మారినా ఈ వెసులుబాటు ఉంది. 2025-26 వరకు దీనికి ఫారం 10ఇ ఆన్‌లైన్‌లో వేయాలి, అదీ రిటర్ను కంటే ముందు. రిటర్నులో అంకె వేసి ఫారం మరిచిపోతే ఉపశమనం కొట్టేసి, పన్ను కట్టమని నోటీసు పంపుతారు.

అందరికీ ఇది అవసరం లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కనుక చాలామంది పెన్షనర్లు బయటపడతారు. చిక్కేది ఏడు మధ్యలో రిటైరై కొన్ని నెలల జీతం, పెన్షన్, పీఆర్‌సీ బకాయి అన్నీ ఒకే ఏట అందుకున్నవారు, 2024-25లో 7 లక్షలు దాటినవారు. వీరికి పాత సంవత్సరాల ఫారం 16లు కావాలి. 2016 అక్టోబరులో పాలమూరు జిల్లా విడిపోయాక బదిలీలైనవారు వాటికోసం రెండు మూడు ఆఫీసులు తిరగాలి. ఉద్యోగంలో ఉన్నవారు ఇప్పుడే దాచుకోవాలి.

కోర్టు ఆలస్యానికి వడ్డీ ఇప్పిస్తే, ఆ వడ్డీకి పన్ను ఉంది. ప్రభుత్వం ఆపిన డబ్బుకు వడ్డీ ఇచ్చి దానిలో కొంత వెనక్కి తీసుకోవడం నాకు న్యాయంగా తోచదు, కానీ చట్టం అంతే.

విధవరాండ్రకు ఒక మాట. కుటుంబ పెన్షన్ బకాయికీ ఈ ఉపశమనం వర్తిస్తుంది. పైగా కొత్త విధానంలో ఆ పెన్షన్‌లో మూడోవంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది ఆదాయం నుంచి తీసేయవచ్చు. భర్త కాగితాలు ఎక్కడున్నాయో తెలియని అమ్మలు మన సంఘాల్లో ఉన్నారు. లెక్క తెలిసిన యువకులు ఆరాధన తర్వాత వాళ్లింటికి వెళ్లి, ఆ ట్రంకు పెట్టె తెరిచి చూడాలి. రిటర్నుకు గడువు జులై 31.