ప్రొస్టేటు, పల్లేరు కషాయం, మా నాన్న

మా నాన్న రాత్రిళ్లు నాలుగేసి సార్లు లేస్తున్నారన్న సంగతి అమ్మ చెప్తే గానీ నాకు తెలీలేదు. ఫోన్లో అడిగితే "వయసొచ్చాక అందరికీ ఉండేదేరా" అని కొట్టిపారేశారు. అందులో సగం నిజముంది. నా బాధంతా మిగతా సగం గురించే.

మనవాళ్లు షుగరు గురించీ బీపీ గురించీ పెళ్లి పందిట్లో కూర్చుని కూడా మాట్లాడుకుంటారు. ప్రొస్టేటు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. సిగ్గు. దాంతో ఆ జబ్బు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా పేపర్లో ప్రకటన దగ్గరికి వెళ్తుంది. "ఆపరేషన్ లేకుండా, సైడ్ ఎఫెక్ట్స్ లేకుండా, పూర్తి ఆయుర్వేదం" అని ఉంటుంది చూడండి, అదన్నమాట. ఫోన్ చేస్తే డబ్బా ఇంటికే వస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మా నాన్న అలాంటి డబ్బాలు ఎనిమిది నెలలు వాడారు. గుణం కనిపించిందనే అన్నారు కూడా.

తర్వాత ఒకరోజు జలుబు చేసింది. మందుల షాపులో అడిగి ఒక బిళ్ల తెచ్చుకుని వేసుకున్నారు. ఆ రాత్రి ఒంటికి రాలేదు. ఒక్క చుక్క కూడా! తెల్లవారుజామున ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే గొట్టం వేసి లీటరు పైన తీశారట. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8 ఉంది. ఒకటి దగ్గర ఉండాల్సింది. అంటే మూత్రాశయం ఎన్నాళ్లుగానో పూర్తిగా ఖాళీ అవట్లేదు, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీల దాకా పోయింది. పెద్దగా నొప్పి లేదు కాబట్టి ఎవరికీ తెలీలేదు.

జలుబు బిళ్లకీ దీనికీ సంబంధమేంటని నేనూ అనుకున్నాను. ఉంది. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ లాంటి మందులు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయి. పాతకాలం ఎలర్జీ మందులు మూత్రాశయం నొక్కే బలాన్ని తగ్గిస్తాయి. ప్రొస్టేటు పెరిగినవాళ్లకి ఈ రెండూ కలిసిన బిళ్ల అంటే తలుపు గడియ పెట్టడమే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క ముక్కయినా చెప్పండి.

అసలు సంగతి చాలా సులువు. మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుందీ గ్రంథి. కుర్రతనంలో పెద్ద ఉసిరికాయంత, 20 గ్రాములు అటూ ఇటూగా. నలభై దాటాక హార్మోన్ల ప్రభావంతో మెల్లిగా పెరుగుతూ పోతుంది. అరవైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగంమందికి ఇది ఉంటుంది, ఎనభైల్లో అయితే పదిమందిలో ఎనిమిది మందికి. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే రెండింటి లక్షణాలూ ఒకేలా ఉండొచ్చు కాబట్టి పరీక్ష చేయించకుండా తేల్చలేం. ఇంకో తిరకాసు ఏంటంటే, గ్రంథి సైజుకీ బాధకీ లెక్క కుదరదు. 80 గ్రాములున్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు, 30కే అవస్థ పడేవాళ్లూ ఉన్నారు.

ఇకపోతే ఆయుర్వేదం. నేను ఆయుర్వేదాన్ని వెక్కిరించే బాపతు కాదు. ఈ గొడవ అయ్యాక కూర్చుని కాస్త చదివాను. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో మూత్రాఘాతాలు పన్నెండు రకాలన్నాడు, చరకుడు పదమూడన్నాడు. సుశ్రుతుడు చెప్పిన వాటిల్లో వాతాష్ఠీల అని ఒకటుంది. మలాశయానికీ మూత్రాశయానికీ మధ్య రాయిలా గట్టిగా, కదలకుండా ఉండే గడ్డ, మూత్రానికీ మలానికీ అడ్డుపడుతుంది అని వర్ణన. ప్రొస్టేటు అన్న పేరు ఆ గ్రంథాల్లో లేదు, ఈనాటి వైద్యులు పోల్చి చెప్తున్నదే. అయినా స్కాన్ లేని కాలంలో చేత్తో తడిమి, లక్షణాలు చూసి అంత దగ్గరికి వచ్చారంటే నాకు నిజంగానే ఆశ్చర్యమేసింది.

చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం అయితే మన ఐటీవాళ్లందరి చేతా చదివించాలి. ఆపుకోకూడని వేగాలు పదమూడు అంటూ మొదలుపెట్టేది మూత్రంతోనే. మీటింగు అయ్యేదాకా బిగబట్టుకుని కూర్చునే మనకి అంతకంటే పనికొచ్చే సలహా ఏముంటుంది :)

మలబద్ధకం లేకుండా చూసుకోవడం, సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించడం, కాఫీ టీలూ మందూ తగ్గించడం, ఒకసారి పోశాక రెండు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించడం, వీటిల్లో చాలావరకు వైద్యుడూ యూరాలజిస్టూ ఇద్దరూ చెప్పేవే. బాధ తక్కువగా ఉన్నవాళ్లకి వీటితోనే చాలా తేడా ఉంటుంది. దానికి డబ్బా అక్కర్లేదు.

పేచీ అంతా మందుల దగ్గర. పల్లేరు, ఉలిమిరి పట్ట, అటికమామిడి, కాంచనార గుగ్గులు, చంద్రప్రభావటి, ఇవీ మామూలుగా ఇచ్చేవి. పల్లేరుని ఆయుర్వేదమే మూత్రలం అంటుంది, అంటే మూత్రాన్ని పెంచేది. షట్టరు సగం మూసుకుపోయిన కాలవకి పైనుంచి ఇంకా నీళ్లు వదిలితే ఏమవుతుంది? మూత్రాశయంలో ఎంత మిగిలిపోతోందో చూడకుండా ఆ మందు ఇవ్వడం ఏ శాస్త్రం ప్రకారమూ ఒప్పు కాదని నా అభిప్రాయం.

"మరి మీ నాన్నకి గుణం కనిపించిందన్నారుగా" అంటారా? అక్కడే ఉంది కిటుకు. అమెరికాలో సా పామెట్టో అని ఒక తాటిజాతి మొక్క పండ్ల సారం ప్రొస్టేటుకి తెగ అమ్ముడయ్యేది. 2006లో 225 మంది మీద ఏడాదిపాటు పరీక్షించారు, ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మెరుగు కాదని తేలింది. మోతాదు చాల్లేదేమోనని 2011లో మూడింతల దాకా పెంచి చూశారు, అదే ఫలితం. కానీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి కూడా బాధ కాస్త తగ్గింది! ఈ జబ్బు తనంతట తనే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బాగా ఎక్కువగా ఉన్నప్పుడే మందు మొదలుపెడతాం, తర్వాత దిగితే ఆ ఘనత మందుకి కట్టబెడతాం. పల్లేరుకీ అదే ఫలితం వస్తుందని నేననట్లేదు. అలాంటి పరీక్షకి నిలబడాలి అంటున్నాను, అంతే.

మా ఆఫీసులో యూజరు ఫోన్ చేసి "ఇప్పుడు బానే ఉంది" అంటే టికెట్ మూసెయ్యం కదా, లాగ్ చూస్తాం. ప్రొస్టేటుకి కూడా లాగ్ ఉంది. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తం 35. ఏడు లోపైతే తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 దాటితే ఎక్కువ. దాంతో పాటు మూత్రం పోశాక ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండ్, క్రియాటినిన్, డాక్టరు చెప్తే పీఎస్ఏ. ఇవి చేయించుకుని ఏ మందైనా వాడండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. మా నాన్నకి మొదట్లోనే ఒక్క స్కాన్ తీయించి ఉంటే ఆ ఎనిమిది నెలలు పోయేవి కాదు.

"మూలికలేగా, హాని ఏముంది" అనే మాట కూడా నాకు నచ్చదు. 2004లో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. 2008లో ఇంటర్నెట్లో అమ్మేవి తెప్పించి చూసినా అయిదింట ఒకటి అలాగే ఉన్నాయి. అసలే కిడ్నీ ఒత్తిడిలో ఉన్న మనిషికి పాదరసమా?

ఇంకో విషయం తెలిసి నాకు మతిపోయింది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, ఫలానా జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని ఒక జాబితా ఉంది. అందులో ప్రొస్టేటు గ్రంథి జబ్బులు పేరు పెట్టి మరీ ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటింది. ఆ ప్రకటన మాత్రం మా నాన్న చదివే పేపర్లో దర్జాగా వచ్చింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మా ఊళ్లో ఆయుర్వేద డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు, విజయవాడ నోరి రామశాస్త్రి కాలేజీలో చదివారు. అంతకు ముందే నాన్న ఆవిడ దగ్గరికి వెళ్లారట. "మాస్టారూ, ముందు స్కాన్ తీయించుకు రండి, అది చూడకుండా నేను మందివ్వను" అన్నారట ఆవిడ. స్కాన్ అంటే ఆపరేషన్ అంటారేమోనని భయపడి మళ్లీ అటు వెళ్లలేదు. అంటే మోసపోయింది ఆయుర్వేదం దగ్గర కాదు, డబ్బా దగ్గర. ఈ తేడా చెప్పకపోతే ఆవిడలాంటి వాళ్లకి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

గొట్టం వేశాక క్రియాటినిన్ మెల్లిగా దిగి 1.4 దగ్గర ఆగింది. కిడ్నీ దాకా వచ్చింది కాబట్టి ఇక మాత్రలతో కుదరదన్నారు, లోపల్నుంచే గ్రంథిని చెక్కి తీసే ఆపరేషన్ చేశారు. మూడో రోజు గొట్టం తీసేశారు. రెండేళ్ల ముందు వచ్చుంటే మాత్రలతో సరిపోయేదేమో అన్నారు సర్జన్ గారు. నాన్న ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక మలబద్ధకానికి ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లొస్తున్నారు, డిశ్చార్జి కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకుని మరీ. మొన్న ఫోన్ చేస్తే, పక్కింటి బాబాయిగారిని వెంటబెట్టుకుని స్కానింగ్ సెంటర్లో ఉన్నారు. "ఈయనా రాత్రిళ్లు లేస్తున్నాడ్రా, నీళ్లు తాగించి కూర్చోబెట్టాను, తర్వాత చెయ్యి" అని పెట్టేశారు.