పొయ్యి ఇచ్చారు సరే, గొట్టం దులిపేదెవరు?

కొమరోలు, రాచర్ల, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో గ్యాస్ బండలు చాలా ఇళ్లకు చేరాయి. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది, 2024 నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా అందుతున్నాయి. అయినా కట్టెల పొయ్యి ఆరలేదు. ఐదుగురున్న ఇంటికి మూడు బండలు ఏడాది పొడుగునా రావు. నల్లమల అంచున చలికాలం పొద్దున్నే ఇంటిల్లిపాదికీ స్నానాలకు నీళ్లు కాగాలి. పశువులకు ఉలవలు ఉడకాలి. పెళ్లో పండగో వస్తే పెద్ద తపేలాలు ఎక్కాలి. చెరువు గట్టు మీదా, బీళ్లలోనూ సర్కారు తుమ్మ ఊరికే దొరుకుతుంటే వీటన్నిటికీ గ్యాస్ ఖర్చు పెట్టే ఇల్లాలు అరుదు. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఆ పొయ్యికి పెట్టిన పొగగొట్టాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకపోవడమే తప్పు.

కట్టె పూర్తిగా మండితే పెద్దగా పొగ ఉండదు. పచ్చిగా ఉన్నా, గాలి చాలకపోయినా అరకొరగా మండుతుంది. అప్పుడు మసితో పాటు తారు ఆవిర్లు కూడా పైకి లేస్తాయి. ఆ పొగ గొట్టంలో పోతూ పోతూ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే, తారు లోపలి గోడకు అంటుకుని గట్టిపడుతుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. నీళ్లు కాచే రాగి బాయిలర్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. అందులో పొగ పోయే గొట్టం చుట్టూ ఉండేవి నీళ్లే. మరిగే నీళ్లయినా నూరు డిగ్రీలు దాటవు, తెల్లవారుజామున నింపిన చన్నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేడినంతా నీళ్లకు ఇచ్చేసిన పొగ తన తారును అక్కడే వదిలి పోతుంది. బాయిలర్ అమ్మే కొట్టువాళ్లు దానితో పాటు గొట్టం తోమే పొడుగాటి బ్రష్షు కూడా చేతికిచ్చి పంపాలి. అది లేకుండా అమ్మడం సగం సరుకు అమ్మడమే.

పొయ్యి పూర్తిగా చల్లారాక బూడిద ఎత్తేసి, గొట్టంలోకి టార్చిలైటు వేసి చూస్తే ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది. వేలికి నల్లటి పొడి అంటితే అది మామూలు మసి, బ్రష్షుతో రాలిపోతుంది. నల్లగా మెరిసే పెచ్చులు కనిపిస్తే కొంచెం మొండిది. గట్టి తీగల బ్రష్షు కావాలి, గొట్టాన్ని బయటి నుంచి కర్రతో మెల్లగా తట్టాలి. లోపల అద్దం పూసినట్టు నున్నగా, జిగటగా గడ్డకట్టి ఉంటే అది గీకినా ఊడదు. ఆ ముక్క తీసేసి కొత్తది బిగించడమే మంచిది. మసి మందం మూడు మిల్లీమీటర్లకు చేరిందంటే ఇంక ఆలస్యం చేయకూడదు.

గొట్టంలోకి చూడకముందే పొయ్యి కొన్ని సంగతులు చెబుతుంది. నిన్నటిదాకా పైకి పోయిన పొగ ఇవాళ వంటింట్లోకి ఎదురు తంతుంది. మంట గొట్టంలోకి పోకుండా పొయ్యి నోట్లోంచి బయటికి నాలుక చాస్తుంది. నీళ్లు కాగడానికి మునుపటికంటే ఎక్కువ సేపు పడుతుంది. గొట్టం అతుకుల దగ్గర నల్లటి ద్రవం కారి గోడ మీద చారలు పడతాయి. చాలా ఇళ్లలో ఈ దశలో చేసేది ఒకటే, ఇంకో నాలుగు కట్టెలు ఎగదోసి ఊదుగొట్టంతో గట్టిగా ఊదడం. గాలి పోయే దారే మూసుకుపోయిన పొయ్యిలో కట్టెలు ఎక్కువైతే పొగా, తారూ ఇంకా పెరుగుతాయి.

అక్టోబరు, నవంబరు వానల తర్వాత పొగ ఫిర్యాదులు ఎక్కువ కావడానికి కారణం కట్టె. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. పొయ్యికి పనికొచ్చే కట్టెలో తేమ ఇరవై శాతం మించకూడదు. నిన్న కొట్టిన తుమ్మను ఇవాళ పొయ్యిలో పెడితే ముందు ఆ నీరు ఆవిరి కావాలి, అంతసేపూ మంట చల్లగా, పొగ చిక్కగా ఉంటుంది. మార్కాపురం ఎండలు ఎవరికీ తెలియనివి కావు. మార్చిలోనే చీల్చి, నేల తగలకుండా పేర్చి, వానలకు ముందు పైన రేకు కప్పితే చాలు. ఆరిన కట్టెకు కొసల్లో పగుళ్లు కనిపిస్తాయి, రెండు ముక్కలు కొడితే ఖంగున మోగుతాయి.

అసలు భయం నిప్పు గురించి. గొట్టంలో పేరుకున్న తారు మండే సరుకే. ఏదో ఒక రోజు కంది కట్టె భగ్గున మండినప్పుడు ఆ రవ్వ అంటుకుంటే గొట్టం లోపల వెయ్యి డిగ్రీల వేడి పుట్టగలదు. గొట్టం హోరుమంటుంది, పైనుంచి నిప్పురవ్వలు ఎగురుతాయి. పక్కనే బోద కొట్టమో గడ్డివామో ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కాలుతున్న గొట్టంలో నీళ్లు పోయకూడదు, అది పగిలి మంట ఇంట్లోకి వస్తుంది. పొయ్యి నోటిని రేకుతోనో తడి మట్టితోనో మూసి గాలి ఆపాలి, పిల్లల్నీ ముసలివాళ్లనీ బయటికి పంపాలి, 101కి ఫోన్ చేయాలి.

పొగలేని పొయ్యి మనకు కొత్త కాదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల గొట్టం పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకమే వేశారు. తర్వాత 1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, 2002 దాకా దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. పొయ్యి కట్టించినవాళ్లు లెక్క రాసుకుని వెళ్లిపోయారు. గొట్టం పూడుకుపోయాక ఇల్లాలు దాన్ని పీకి పక్కన పడేసి మూడు రాళ్ల పొయ్యికే మళ్లింది. ఆమెను బద్ధకస్తురాలు అనడం అన్యాయం. గొట్టం తోమడం ఎలాగో చూపించినవాళ్లు లేరు, తోమే సాధనం ఇచ్చినవాళ్లూ లేరు.

దీనికి గట్టి ఆధారం పక్క రాష్ట్రంలోనే ఉంది. ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ పంచిన గొట్టం పొయ్యిలను రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ మేలు కనిపించకుండా పోయింది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, గొట్టాలు శుభ్రం చేసి బాగుచేసుకోకపోవడమే కారణమని వారు తేల్చారు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలో కొంత, పేరుకు గొట్టం ఉన్న ఇళ్లలోదే.

గొట్టాన్ని చూసుకోవడం ఇక్కడి రైతుకు తెలియని విద్యా కాదు. పొదిలి, కనిగిరి వైపు పొగాకు బ్యారన్లు ఉన్నాయి. కట్టెలు మండించి, ఇనుప గొట్టాల్లోంచి వేడి పంపి ఆకు కాల్చే పని అది. అక్కడ అతుకు వదులైనా, ఒక ఆకు కాలే గొట్టం మీద రాలినా బ్యారన్ మొత్తం తగలబడొచ్చు. అందుకే ఆకు ఎక్కించే ముందు గొట్టాల మీద కన్నేసి ఉంచుతారు, మంట దగ్గర రాత్రీ పగలూ మనిషి కాపలా ఉంటాడు. బ్యారన్‌లో ఉన్నది వేలంలో పలికే ఆకు కాబట్టి ఆ శ్రద్ధ. వంటింటి పొయ్యి దగ్గర ఊపిరితిత్తులు పాడయ్యే మనిషికి వేలం పాట లేదు.

జర్మనీలో గొట్టాలు తనిఖీ చేసి తోమించడం ఇంటివాళ్ల ఇష్టానికి వదలలేదు, చట్టమే పెట్టారు. అంత పెద్ద ఏర్పాటు ఇక్కడ అక్కర్లేదు. ప్రతి గ్రామ సచివాలయం దగ్గరా రెండు మూడు కొలతల బ్రష్షులు, అతికించుకునే కర్రలు, ముక్కుకు మాస్కులు ఉంచాలి. డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరికి పని నేర్పి, ఇంటింటికీ ఇంత అని కూలి కట్టివ్వాలి. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఇంకోసారి. పాత పథకాల్లో పెట్టిన ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలను మాత్రం పొడిగా గీకనివ్వకూడదు, ఆ దుమ్ము పొగకంటే ప్రమాదం. వాటిని తడిపి, విరగ్గొట్టకుండా దించి, రేకు గొట్టాలు వేయించే ఖర్చును ఆ పొయ్యిలు పెట్టించిన ప్రభుత్వాలే భరించాలి.