పికప్ ఘాట్ ఎక్కట్లేదా? చిప్ కన్నా ముందు ఫిల్టర్ చూడండి

కడప-రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కలేక పికప్ రొప్పుతుంటే, చాలామంది ఈసీయూ రీమ్యాపింగ్ కోసం వాకబు చేస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

నిజానికి బేతంచెర్ల, యర్రగుంట్ల బండల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ మామూలు గడువు కంటే ముందే మూసుకుపోతుంది. గాలి అందక పికప్ పడిపోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొత్త ఫిల్టర్ వేయడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీయించడం, టైర్లలో సరిపడా గాలి, జారే క్లచ్ ప్లేటు మార్పించడం కూడా అంతే.

ఇవన్నీ చేసినా ఎక్కకపోతే ఆర్సీలోని బరువు, వెనకున్న బండల బరువు పోల్చి చూడండి. ఓవర్‌లోడ్‌కు చట్టంలో జరిమానా రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేలు.