డేగ గూటిలో పిచ్చుక

పేరుమోసిన వంటవాడికి పెళ్ళివంట అప్పజెప్పడం తేలిక. సోలెడు బియ్యమూ, నాలుగు వంకాయలూ చేతికిచ్చి, ఇంటిల్లిపాదికీ కమ్మగా వండిపెట్టమంటేనే అతగాడి పనితనం బయటపడేది! యంత్రాలు చేసేవారి సంగతీ అంతే. ఇందుకు ఇటలీలో ఒక చక్కని నిదర్శనం వున్నది.

ఆ దేశంలో కోమో సరస్సు ఒడ్డున మాందెల్లో అని ఒక చిన్న వూరు. కార్లో గుట్సీ, జార్జియో పరోడీ అనే మిత్రులు 1921లో మోటారు సైకిళ్ళ కంపెనీ పెట్టారు. వారితో కలవవలసిన మూడో స్నేహితుడు, విమానచోదకుడు రవెల్లీ, 1919లోనే విమాన ప్రమాదంలో పోయాడు. అతని జ్ఞాపకార్థం రెక్కలు చాచిన డేగను కంపెనీ ముద్రగా పెట్టుకున్నారు. ‘మోటో గుట్సీ’ అంటే 500 సి.సి. ఇంజన్లూ, పందేలలో విజయాలూ, సైన్యానికి సరఫరాలూను.

1945లో యుద్ధం ముగిసేసరికి ఇటలీ చితికిపోయింది. సామాన్యుడు పనిలోకి పోవాలంటే సైకిలే గతి. ఆ సైకిలు కాస్తా పోతే బతుకు ఎలా తలకిందులవుతుందో, 1948లో డిసికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని ప్రదర్శించారు కూడా.

అలాంటి రోజుల్లో, 1946లో, ఆ డేగ గూటి నుంచి ఒక పిచ్చుక బయటికి వచ్చింది. ఇంజను 64 సి.సి., శక్తి రెండు గుర్రాలు, బరువు సుమారు 45 కిలోలు. సైకిలు చక్రాలంత పెద్ద చక్రాలు, మూడు గేర్లు. గంటకు 50 కిలోమీటర్లు పోగలదు. జనం ముద్దుగా ‘గుట్సీనో’ అన్నారు. అంటే బుల్లి గుట్సీ అన్నమాట.

ఇది రెండు స్ట్రోకుల ఇంజను. నాలుగు స్ట్రోకులదానిలో రెండు చుట్లకొకసారి ఇంధనం మండితే, ఇందులో చుట్టుకొకసారి మండుతుంది. తలమీద వాల్వులు లేవు, వాటిని ఆడించే సరంజామా లేదు. నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు. చవక, తేలిక; పొగ మాత్రం కాస్త ఎక్కువ.

చవక బండికి చవక ఏర్పాటు చాలునని సరిపెట్టుకోవచ్చు. మామూలుగా ఇటువంటి ఇంజన్లలో ఇంధనం వచ్చే రంధ్రాన్ని పిస్టనే మూసి తెరుస్తుంది. దీనిని రూపొందించిన అంతోనియో మికూచ్చీ అలా వదలలేదు. ఆ పనికి ప్రత్యేకంగా ఒక తిరుగుడు బిళ్ళను అమర్చి, సరైన క్షణంలో దారి తెరుచుకునేటట్టు చేశాడు. బుల్లి బండికైనా బుర్ర పెట్టవలసినంతా పెట్టాడు.

1954లో దీని స్థానంలో ‘కార్దెల్లీనో’ వచ్చింది. అదీ ఒక చిన్న పిట్ట పేరే! కాని కాలం ఆగుతుందా? చేతిలో నాలుగు డబ్బులాడగానే సంసారులు కారువైపు చూశారు. 1957లో ఫియట్ వారి బుల్లి కారు 500 రానే వచ్చింది. 1964లో కార్లో గుట్సీ కన్నుమూశాడు. ఆ దశాబ్దంలోనే చిన్న పిట్ట కూడా ఎగిరిపోయింది.

పందెపు బండి ఎక్కేవాడు నూటికో కోటికో ఒకడు. పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని పనికి పోయేవారు లక్షలు. తక్కువ ధర పెట్టి కొనుక్కున్నవాడికి తక్కువ పనితనం చాలునని మాందెల్లో వారు అనుకోలేదు. మన బజారులో సరుకు చేసే పెద్దలు కూడా ఈ ముక్క ఒక్కసారి ఆలోచిస్తే బాగుండును!