కలిపిన టీకాకు నాలుగు గంటలే ఆయువు

పుంగనూరులోనో, కుప్పంలోనో పసిబిడ్డకు బి.సి.జి. వేయించినప్పుడు నర్సమ్మ మిగిలిన మందును పక్కన పెట్టేస్తే, "అయ్యో, దుబారా!" అనిపించిందా? అది దుబారా కాదు, మీ బిడ్డలకు రక్షణ.

ఈ టీకా మన దేశంలో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948 నాటి మాట. పసివాళ్ళకు మెదడు పొరల క్షయ వంటి ప్రమాదాలు రాకుండా ఇది కాపాడుతుంది. ఇందులో ఉన్నవి బలం తగ్గించిన సజీవ క్రిములు. వాటిని గడ్డకట్టించి, తడి తీసేసి, పొడి చేస్తారు.

ఆ పొడిని దానితో వచ్చిన ఉప్పునీటితోనే, అదీ చల్లగా ఉన్నప్పుడే కలపాలి. నెలలోపు బిడ్డకు 0.05 మిల్లీలీటరు, ఆపైన ఏడాదిలోపు 0.1 మిల్లీలీటరు చాలు. కలిపాక 4 గంటలు దాటితే టీకా క్రిములు చచ్చిపోతాయి, పైగా చెడ్డ క్రిములు చేరవచ్చు. అందుకే "ఎప్పుడు కలిపారమ్మా?" అని అడగడానికి మొహమాటపడకండి.

రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేస్తుంది, చీము కూడా పట్టవచ్చు. దానంతటదే మాని మచ్చ పడుతుంది. పసుపు, ఆకుపసరు రాయకండి. చంకలో గడ్డ కడితే మాత్రం డాక్టరుకు చూపించండి.