గృహమునందు చలనచిత్ర దర్శనము



పూర్వము మనము సినిమా యున్న చోటికి పోయెడివారము. ఇప్పుడు సినిమాయే మన యింటికి వచ్చి నట్టింట కూర్చున్నది. ఇంతటి సౌకర్యము మన తల్లులకు లేకుండెను. కావున దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని యిందొక విచిత్రము కలదు. సినిమాహాలులో టిక్కెట్టు కొన్న ప్రతి స్త్రీకిని ఒక కుర్చీయో, బెంచీమీద ఒక చోటో ఉండును. ఆట ముగియువఱకు ఆ చోటు ఆమెదే. ఇంటికి వచ్చిన సినిమా ముందు అందఱికిని చోటు కలదు. ఇల్లాలికి మాత్రము లేదు. ఆమె గడపకడ నిలిచి కొంత చూచును. వంటయింటినుండి కొంత వినును. తక్కినది పిల్లల నడిగి తెలిసికొనును. మేము ఈ నెల ముచ్చటింపదలచినది ఆ చోటును గూర్చియే.

ఈ చోటు ఎట్లు పోయినదో కొంచెము విచారింతము. కాకినాడ వారైన చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో ‘లవకుశ’ చిత్రమును తీసినప్పుడు పల్లెలనుండి జనులు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి చూచిరి. సీతమ్మవారి కష్టములను చూచుటకై వచ్చిన వారిలో స్త్రీలు విశేషముగా నుండిరి. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న మన కోనసీమలో నైతే బండి మాత్రము చాలదు. కాలువ గట్టున నడకయు, రేవులో పడవయు కావలసి యుండెను. అంత ప్రయాణము చేయు దినమున ఇల్లాలు ప్రొద్దుననే వంట ముగించి, పెరుగన్నపు గిన్నె మూటగట్టుకొని బయలుదేరెడిది. హాలులో ఆడవారి బెంచీలు వేఱుగా నుండెడివి. ఆమె అక్కడ కూర్చున్న పిదప ‘మంచినీళ్లు తెమ్మ’ని అడుగువాడు లేడు. తరువాతి కాలమున శ్రీరామనవమికిని, వినాయక నవరాత్రులకును వీథిలో తెల్లని గుడ్డ కట్టి బొమ్మ వేయునప్పుడును అంతే. చాప పఱచినది మొదలు అది ఆమె స్థానము.

1977లో హైదరాబాదునందు దూరదర్శన కేంద్రము వెలసెను. 1982లో టీవీకి రంగులు వచ్చెను. ఊరిలో టీవీ గల యిల్లు ఒకటియో రెండో యుండుటచే ఇరుగుపొరుగు వారందఱును ఆ యింటనే చేరెడివారు. అప్పుడు ఆ యింటి యిల్లాలు ప్రేక్షకురాలు గాక ఆతిథ్యమిచ్చునది యయ్యెను. పిదప వీడియో పెట్టె అద్దెకు వచ్చెను. ఒక రాత్రికి తెచ్చిన పెట్టెతో మూడు సినిమాలు తెల్లవారువఱకు ఆడించుట, నిద్ర కాగుటకు నడుమనడుమ టీ యిచ్చుట మనలో పలువురకు చిన్ననాటి జ్ఞాపకము. 1995లో ఈటీవీ, జెమినీ చానెళ్లు మొదలయ్యెను. దినమున కొకటి కాక పలు చిత్రములు వచ్చుట కలిగెను. 2020 మార్చిలో కరోనా మూలమున హాళ్లు మూతపడెను. ఆ సంవత్సరముననే తెలుగు చిత్రములకై ‘ఆహా’ యను ఓటీటీ వేదిక ప్రారంభమయ్యెను. హాలునుండి ఇంటికి వచ్చిన కొలదియు సినిమా సులభమయ్యెను. సులభమైన కొలదియు ఇల్లాలి చోటు తఱిగెను. ఏలయన, ఇల్లు ఇతరులకు విశ్రాంతి స్థలము. ఆమెకు పనిచేయు స్థలము. పనిచేయు చోటనే వినోదము వచ్చి నిలిచినచో పనియే గెలుచును.

‘సగము చూచిననేమి? సినిమాయే గదా!’ యని కొంద ఱందురు. అభిమన్యుని కథ మనమెఱిగినదే. గర్భమునందున్నప్పుడు పద్మవ్యూహమును చొచ్చు విధము వినెననియు, తల్లి సుభద్ర నిద్రించుటచే వెలువడు విధము వినలేదనియు లోకమున చెప్పుకొందురు. ఈ కథ చెప్పువారందఱును ఆ తల్లి నిద్రను తలపోయుదురే గాని, అలసియున్న గర్భిణికి యుద్ధతంత్రము చెప్పబూనిన వారిని ఎవరును ప్రశ్నింపరు. అది యట్లుండ, సగము కథ ఎఱుగుట ఎఱుగకుండుటకంటె మేలు కాదని ఆ గాథ చెప్పుచున్నది గదా. ‘శంకరాభరణము’ (1980) చివర శంకరశాస్త్రి తన గండపెండేరమును తులసి కుమారునకు ఇచ్చును. ఆ బాలుని పుట్టుకలోని దుఃఖమును, ఆ తల్లి యోర్చుకొన్న అవమానమును చెప్పు ఘట్టములవేళ అన్నము వార్చుచున్న యిల్లాలికి ఆ చివరి దృశ్యము ఒక ముసలివాని మరణము మాత్రమే. తక్కినవారు కన్నీరు తుడుచుకొనుచుండగా ఆమె యేమని యడుగును? అడుగదు. ‘బాగున్నది’ అని కంచములు తీయుటకు పోవును.

‘రిమోటులో పాజ్ మీట కలదు గదా!’ యని ఇంకొక మాట. కలదు, కాని యది ఎవరి చేతిలో నున్నది? ఆమె లేచిన ప్రతిసారియు బొమ్మను నిలిపినచో కూర్చున్న వారికి విసుగు. నాలుగవసారి ఆమెయే ‘మీరు చూడుడు, నేను వినుచునే యున్నాను’ అనును. ఈ మాటను మంచితనముగా ఎంచుచున్నాము. అందున్న నష్టము ఆమె యొక్కతెది కాదు. తెరముందు కూర్చున్న బిడ్డలు కథనే గాక, అమ్మ యెక్కడ కూర్చున్నదో కూడ చూచుచున్నారు. ఆడపిల్ల తన భావి స్థానము గడపకడ అని నేర్చును. మగపిల్లవాడు నీళ్లు అడిగినచో వచ్చునని నేర్చును. ఈ పాఠమును ఏ బడిలోను చెప్పరు; మన యింటనే వారమున కొకసారి చెప్పుచున్నాము.

కావున ఇంటి చలనచిత్రమునకును ఒక విధి యుండవలెను. పురాణ కాలక్షేపమునకు ఉన్నది గదా! పరీక్షిన్మహారాజు ఏడు దినములు కదలక భాగవతము వినెను. మనము మూడు గంటలు కూర్చుండలేమా? మాకు తోచిన నియమములను ఇచట వ్రాయుచున్నాము. ఎవరి యింటి వీలునుబట్టి వారు మార్చుకొనవచ్చును.

మొదటిది కాలము. వారమున కొక చిత్రము చాలును. శనివారము రాత్రియో, ఆదివారము మధ్యాహ్నమో ముందుగానే నిశ్చయింపవలెను. ఏ చిత్రమను నిర్ణయము వంతులవారీగా సాగవలెను: ఒక వారము మామగారిది, ఒక వారము పిల్లలది, ఒక వారము ఇల్లాలిది. ఆమె వంతు వచ్చినప్పుడు ‘నాకేమి, మీ యిష్టమే’ అని విడువరాదు. ‘మాయాబజారు’ (1957) మూడు గంటలకు మించినది. 1963 నాటి రంగుల ‘లవకుశ’ మూడున్నర గంటలకు చేరువైనది. ఇట్టివానిని ముసలివారును, పసివారును ఉన్న యిండ్లలో రెండు దినములకు పంచుకొనుట మేలు. అట్లు పంచునప్పుడు విశ్రాంతి కడ ఆపవలెను గాని, నిద్ర వచ్చిన చోట కాదు.

రెండవది వంట. ఆ పూటకు వేడివేడిగా వడ్డింపవలసిన వంటకము కూడదు. దోసెలు, గారెలు ఇల్లాలిని పొయ్యికి కట్టివేయును. పులిహోర, దద్ధ్యోదనము ముందుగా కలిపి యుంచవచ్చును. మన సీమకు పేరు తెచ్చిన పొట్టిక్కబుట్టలు పనసాకులలో ఉడికి ముందే సిద్ధమై యుండును. చల్లారినను రుచి చెడదు. చిఱుతిండికి జంతికలో, ఉడికించిన వేరుసెనగకాయలో చాలును. నీళ్ల బిందె, గ్లాసులు గదిలోనే యుండవలెను. విశ్రాంతి ఒక్కటే, పదునైదు నిమిషములు. ఆ విశ్రాంతిలో వడ్డన మగవారిదియు, పిల్లలదియు. హాలులో సోడా తెచ్చి యిచ్చినది వారే గదా; ఆ మర్యాద ఇంటికి రాగానే ఏల మఱవవలెను?

మూడవది చోటు. ఇల్లాలి కుర్చీ తెరకు ఎదురుగా, నడుమ నుండవలెను; తలుపు దగ్గఱ నున్న కుర్చీ లేచుటకు పిలుచుచుండును. నలుబదిమూడు అంగుళముల టీవీకి ఆఱేడు అడుగుల దూరము తగును. గది పూర్తిగా చీకటి చేయక, టీవీ వెనుక చిన్న దీపము వెలిగించినచో కన్నులకు శ్రమ తగ్గును. సెల్‌ఫోనులన్నియు ఒక బుట్టలో పెట్టవలెను. ఇంటి పెద్దది మొదట పడినచో తక్కినవి వెంట పడును.

నాలుగవది టీవీని సరిచేసికొనుట. ఇది మగవారి విద్య యని వెనుకకు తగ్గరాదు. కుక్కరునకు రబ్బరు వేయుటకంటె కష్టము కాదు. సినిమా చిత్రమునందు సెకనునకు 24 బొమ్మలు కదలును. క్రొత్త టీవీలు కొన్ని నడుమ తామే బొమ్మలను కల్పించి చేర్చును. అందుచే మహా చిత్రమును సీరియలు వలె కనబడును. సెట్టింగులలో ‘మోషన్’ అను పేరుతో నుండు ఆ యేర్పాటును ఆపివేయవలెను. పాత చిత్రములు దాదాపు చదరపు తెరకు తీసినవి. వానిని వెడల్పు తెర నిండునట్లు సాగదీసినచో ఘటోత్కచుడే గాక శశిరేఖయు లావగును. ప్రక్కల నల్లని పట్టీలు ఉండనిండు. మాటలు సన్నగాను, పోరాటములు చెవులు పగులునట్లును వినబడుచున్నవని పలువు రందురు. పెద్ద హాలునకు కూర్చిన శబ్దము చిన్న స్పీకరులలో ఇముడకపోవుటయే కారణము. మాటలను స్పష్టపఱచు ఏర్పాటు చాల టీవీలలో కలదు. రాత్రివేళ అది మేలు. వినికిడి తగ్గిన పెద్దలకు తెర క్రింద అక్షరములు వేసినచో ప్రక్కవారిని ‘ఏమనెను?’ అని యడుగు పని తప్పును.

అయిదవది పిల్లల విషయము. ఓటీటీలలోని చిత్రములకు వయస్సునుబట్టి గుర్తులుండవలెనని 2021లో నిబంధనలు వచ్చినవి. హాలు చిత్రముల సర్టిఫికెట్టులోను 2024 నుండి ‘యూఏ’ను 7, 13, 16 ఏండ్లుగా విభజించినారు. చిత్రము మొదలుకాక మునుపే ఆ గుర్తు చూచుట తల్లికి అలవాటు కావలెను. నడుమ లేచి పిల్లల కన్నులు మూయుటకంటె ఇది గౌరవము.

చివరిది, ముఖ్యమైనది. చిత్రము ముగియగానే దానంతట అది మఱియొకటి మొదలుపెట్టును, దానిని ఆపవలెను. దీపములు వేసి పావుగంట కూర్చుండి మాటలాడుకొనవలెను. పురాణమునకు ఫలశ్రుతి యెట్లో, ఇది యట్లు. ఆరంభమునకు ఒక చిత్రమును సూచింతుము. బాపుగారి మొదటి చిత్రమైన ‘సాక్షి’ (1967) మన ఆత్రేయపురము చెంతనున్న పులిదిండిలో తీసినది. హత్యను కన్నులార చూచి సాక్ష్యము చెప్పిన ఒక బల్లకట్టువాని కథ అది. హంతకుడు ఊరికి వచ్చుచున్నాడని తెలిసినప్పుడు ఊరివారు ఆ అమాయకుని ఒంటరిగా విడుతురు. మన కాలువ, మన గట్టు, మన వీథి అందు కనబడును. చూచిన పిదప ‘మన మాయూరివార మైనచో తలుపు తెఱచియుందుమా?’ అని ఇంటిల్లిపాదియు ఒకరినొకరు అడుగుకొనవలెను. ఆ ప్రశ్నకు ఇల్లాలు చెప్పు సమాధానము తక్కినవారు వినవలసినది. మొదటినుండి తుదివఱకు చూచిన వారికే ఆ సమాధానము చెప్పు అధికారము కలుగును.

మఱియొక లాభమును కలదు. మనది తుపానుల సీమ. 1996 నవంబరు తుపానునందు కొబ్బరితోటలు కూలి ఊళ్లు చీకటిలో మునిగినవి. ఇప్పటికిని గాలి కొంచెము హెచ్చినచో కరెంటు పోవును; చిత్రము నడుమనే తెర నల్లనగును. అట్టి రాత్రి పిల్లలు ‘తరువాత ఏమయ్యెను?’ అని అడుగుదురు. మునుపు ఆ చిత్రమును సాంతముగా చూచిన తల్లియైనచో లాంతరు వెలుగున తక్కిన కథను చెప్పగలదు. ముక్కలుగా చూచినది చెప్పలేదు. మన అమ్మమ్మలు రామాయణ భారతములను మనకట్లే యిచ్చిరి. వారు వినునప్పుడు ఎవరును వారిని లేపలేదు.

ఇంటనున్న మగవారికి ఈ పుటను చదివి వినిపింపుడు. వారు మంచివారే, గమనింపలేదంతే. ఈ వారము చిత్రము పెట్టకమునుపు ఇల్లాలి కుర్చీని నడుమకు జరుపుట వారి వంతు. ఆ కుర్చీలో కూర్చుండి, చివరి పేర్లు పోవువఱకు లేవకుండుట మన వంతు. పొయ్యిమీద పాలున్నచో, ముందే దించి కూర్చుండుడని మా మనవి.